పైథాన్ లిస్ట్, జావా లిస్ట్, సీ ప్లస్ ప్లస్ లిస్ట్: ఒకే పేరుతో ఉన్న వేర్వేరు నిర్మాణాలను విద్యార్థులకు ఎలా పరిచయం చేయాలి?

ప్రశ్న
(అధ్యాపకురాలు, పటమట, విజయవాడ)

నమస్కారం. ఇంజినీరింగ్ విద్యార్థులకు డేటా స్ట్రక్చర్స్ బోధిస్తున్న నాకు, ప్రోగ్రామింగ్ భాషలు తమ ప్రాథమిక నిర్మాణాలకు పెట్టుకున్న పేర్ల విషయంలో చాలాకాలంగా ఒక సందేహం ఉంది. మా విద్యార్థులు మొదట సీ, తరువాత పైథాన్, ఆపైన జావా నేర్చుకుంటారు. ప్రాంగణ నియామక పరీక్షల కోసం చాలామంది సీ ప్లస్ ప్లస్ కూడా సొంతంగా చదువుకుంటారు. సింటాక్స్ తేడాలకు వారు త్వరగానే అలవాటు పడతారు గానీ, పేర్ల దగ్గర మాత్రం చివరి సంవత్సరం వరకూ తడబడుతూనే ఉంటారు.

సీ ల్యాబ్‌లో వారు స్ట్రక్చర్‌తో నోడ్‌ను (విలువను దాచే గదిని) తయారుచేసి, ఒక నోడ్ నుండి మరో నోడ్‌కు పాయింటర్ (దాని చిరునామా) వేసి, లింక్డ్ లిస్ట్‌ను చేత్తో కట్టి చూస్తారు. కాబట్టి ‘లిస్ట్’ అనగానే వారి మనసులో పాయింటర్లతో ముడిపడిన నోడ్‌లే మెదులుతాయి. ఆ తరువాత పైథాన్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య విలువలు రాసి దానిని లిస్ట్ అంటే, ముందు భాగంలో ఒక మూలకాన్ని చేర్చడం తేలిక అనీ, మధ్యలో ఉన్న మూలకాన్ని ఇండెక్స్‌తో (స్థాన సంఖ్యతో) అందుకోవడం ఖరీదైన పని అనీ వారు సహజంగానే అనుకుంటారు. వాస్తవం దీనికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది. జావాకు వచ్చేసరికి లిస్ట్ అనేది అసలు నిర్మాణమే కాదు, ఒక ఇంటర్‌ఫేస్, అంటే ఏయే పనులు చేయాలో మాత్రమే చెప్పే ఒప్పందం. సీ ప్లస్ ప్లస్‌లోని లిస్ట్ నిజంగానే లింక్డ్ లిస్ట్; పైథాన్ లిస్ట్‌కు అక్కడ దగ్గరగా ఉన్నదాని పేరు వెక్టర్. వెక్టర్ అంటే పరిమాణమూ దిశా రెండూ ఉన్న రాశి అని ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకుని వచ్చిన పిల్లలకు ఇది మరో చిక్కు.

ఉదాహరణకు, గుంటూరు మిర్చి యార్డుకు వచ్చే టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా దగ్గరకు వరుసగా వెళ్లే తీరును అనుకరించే ఒక చిన్న ప్రోగ్రాంను పైథాన్‌లో రాయమన్నాను. వరుసలో ముందున్న టిక్కీని తీసివేయడానికి దాదాపు అందరూ సున్నా ఇండెక్స్‌పై, అంటే మొదటి స్థానంపై, మూలకాన్ని తీసివేసే పాప్ వాడారు. టిక్కీల సంఖ్య వేలల్లో ఉన్నంతవరకూ ఏ ఇబ్బందీ కనిపించలేదు. లక్షల్లోకి వెళ్లగానే ప్రోగ్రాం నత్తనడక నడిచింది. “లిస్టే కదా మేడమ్, మొదటి నోడ్‌ను విడదీస్తే సరిపోవాలి కదా, ఎందుకింత ఆలస్యం?” అని ఒక విద్యార్థిని అడిగింది. ఆ అమ్మాయి తర్కంలో లోపమేమీ లేదు. పేరు ఆమెకు నేర్పినదాని ప్రకారమే ఆలోచించింది.

నా ప్రశ్నలు రెండు. ఈ పేర్ల తేడాలకు చెప్పుకోదగ్గ కారణాలు ఉన్నాయా, లేక ఒక్కో భాషను రూపొందించినవారు తమకు తోచినట్టు పెట్టుకున్నారా? తరగతిలో ముందుగా భాషతో సంబంధం లేని సాధారణ నామాలను స్థిరపరచి ఆపై ఒక్కో భాషకు వెళ్లడం మేలా, లేక వారు వాడుతున్న భాషలోని పేరుతోనే మొదలుపెట్టడం మేలా?

జవాబు 1
(సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, లబ్బీపేట, విజయవాడ)

మేడమ్ గారికి నమస్కారం. జావా, సీ ప్లస్ ప్లస్‌లలో పనిచేస్తున్నవాడిగా మీ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. ఈ పేర్లలో చాలావాటికి కారణం ఉంది. ఆ కారణం ఆ భాష ఏ వంశం నుండి వచ్చిందన్న దానిలో ఉంటుంది.

లిస్ట్ అనే పేరుకు పాత వంశం ఒకటి ఉంది. 1950ల మధ్యలో న్యూవెల్, షా, సైమన్ అనే పరిశోధకులు తమ ఐపీఎల్ (ఇన్ఫర్మేషన్ ప్రాసెసింగ్ లాంగ్వేజ్) భాషలో ఒక మూలకం నుండి తరువాతి మూలకానికి దారి చూపే లిస్ట్‌లను వాడారు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్‌కు పేరే లిస్ట్ ప్రాసెసింగ్ నుండి వచ్చింది. అక్కడ లిస్ట్ అంటే రెండు గదులున్న చిన్న కణాల గొలుసు; ఒక గదిలో విలువ, మరొక గదిలో తరువాతి కణం చిరునామా. ఆ రెండు గదులను అందుకునే కార్, కుడర్ అనే ఫంక్షన్ల పేర్లు ఐబీఎమ్ 704 యంత్రంలో ఒక పదాన్ని (వర్డ్, అంటే యంత్రం ఒకేసారి తీసుకునే మెమరీ ముక్కను) విభజించిన తీరు నుండి వచ్చాయి. అడ్రస్ భాగం, డిక్రిమెంట్ భాగం అనేవి ఆ యంత్రపు పదంలోని ముక్కలు. యంత్రం పోయి దశాబ్దాలు గడిచినా పేర్లు నిలిచిపోయాయి. స్కీమ్, ఎమ్ఎల్, హాస్కెల్ భాషలలో నేటికీ లిస్ట్ అంటే ఈ గొలుసే. సీ ల్యాబ్‌లో మీ విద్యార్థులు కట్టేదీ, సీ ప్లస్ ప్లస్ లిస్ట్ కూడా ఈ వంశానివే.

పైథాన్ లిస్ట్ వేరే దారిలో వచ్చింది. పైథాన్‌ను సృష్టించడానికి ముందు గీడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్‌లోని సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థలో ఏబీసీ అనే భాషపై పనిచేశారు. ప్రోగ్రామింగ్ వృత్తిగా లేనివారు కూడా నేర్చుకోగలగాలన్న ఉద్దేశంతో రూపొందిన ఆ భాషలో సంఖ్యలు, పాఠ్యాలు, కాంపౌండ్లు, లిస్ట్‌లు, టేబుళ్లు అనే అయిదు రకాలే ఉండేవి. ఏబీసీ లిస్ట్ తనలోని మూలకాలను ఎల్లప్పుడూ ఆరోహణ క్రమంలోనే ఉంచుకునేది. అంటే దానికి లిస్ప్ గొలుసుతోనూ పోలిక లేదు, నేటి పైథాన్ లిస్ట్‌తోనూ పోలిక లేదు. పైథాన్ మనం ఇచ్చిన క్రమాన్ని అలాగే ఉంచే నిర్మాణాన్ని చేసుకుని దానికి లిస్ట్ అని పేరు పెట్టింది. అక్కడ ఆ పేరు మామూలు మనిషి కాగితంపై రాసుకునే జాబితా అన్న అర్థంలోనే ఉంది. మెమరీలో అది ఎలా అమరి ఉంటుందో చెప్పే ఉద్దేశమే దానికి లేదు. లోపల ఉన్నది మాత్రం అవసరాన్ని బట్టి పెరిగే అర్రే, అంటే మెమరీలో పక్కపక్కనే ఉన్న గదుల వరుస. ప్రతి గదిలోనూ ఒక ఆబ్జెక్ట్‌కు పాయింటర్ ఉంటుంది.

వెక్టర్ కథ కొంచెం బాధ కలిగించేది. ఏపీఎల్, కామన్ లిస్ప్ వంటి భాషలలో ఏకపరిమాణ అర్రేకు వెక్టర్ అని పేరు. రెండు పరిమాణాలుంటే మ్యాట్రిక్స్ అన్న వరుసలో చూస్తే అది అర్థవంతమైన పేరే. అలెగ్జాండర్ స్టెపనోవ్ సీ ప్లస్ ప్లస్ స్టాండర్డ్ టెంప్లేట్ లైబ్రరీని రూపొందించినప్పుడు ఆ పేరును స్కీమ్, కామన్ లిస్ప్‌ల నుండి తీసుకున్నారు. గణితంలో ఆ మాటకున్న అంతకంటే ఎంతో పాత అర్థంతో ఇది పొసగదనీ, దీనికి అర్రే అనే పేరే ఉండవలసిందనీ ఆయనే తరువాత తన పుస్తకంలో రాశారు. అప్పటికే ఆలస్యమైంది. 2011 ప్రమాణంలో సీ ప్లస్ ప్లస్‌కు అర్రే అనే పేరుతో ఒక తరగతి (క్లాస్) వచ్చింది గానీ, అది పరిమాణం మారని అర్రేకు దక్కింది.

జావాలో కూడా 1996 నాటి మొదటి విడుదలలో వెక్టర్ ఉంది. అది పెరిగే అర్రేయే, కానీ దాని ప్రతి పనికీ థ్రెడ్ల తాళం (ఒకేసారి నడిచే పనుల్లో ఒక్కటే దానిని తాకగలిగే ఏర్పాటు) వేసి ఉంటుంది. 1998లో వచ్చిన కలెక్షన్స్ ఫ్రేమ్‌వర్క్‌లో అర్రేలిస్ట్, లింక్డ్‌లిస్ట్, హ్యాష్‌మ్యాప్, ట్రీమ్యాప్ అనే జంట పేర్లు వచ్చాయి. పేరులోని రెండవ సగం ఆ నిర్మాణం మనకు ఏమి చేసి పెడుతుందో చెబుతుంది. మొదటి సగం ఆ పనిని లోపల ఎలా చేస్తుందో చెబుతుంది. నాకు తెలిసిన పేర్లన్నింటిలో ఇంత నిక్కచ్చిగా మాట్లాడేవి ఇవే. సీ షార్ప్ 2002లో ఇదే అర్రేలిస్ట్ పేరుతో మొదలై, 2005లో జెనెరిక్స్ (మూలకాల రకాన్ని ముందే చెప్పే సౌకర్యం) వచ్చినప్పుడు కొత్త తరగతికి వట్టి లిస్ట్ అని పేరు పెట్టింది. లోపల అర్రే అలాగే ఉంది, పేరులోని సగం మాత్రం పోయింది. జావా నుండి సీ షార్ప్‌కు మారిన మా సహోద్యోగులు ఇక్కడ ఆగి ఆలోచించడం నేను చాలాసార్లు చూశాను.

ఒకసారి విడుదలైన పేరును మార్చితే, దానిని వాడుకున్న ప్రతి ప్రోగ్రామూ మరమ్మతుకు వస్తుంది. అందుకే పాత పేరు తప్పని తెలిసినా భాషల కమిటీలు దానిని కదిలించవు. కొత్తదానికి ఖాళీగా ఉన్న మరో పేరును వెతుక్కుంటాయి. సీ ప్లస్ ప్లస్‌లో హ్యాష్ పట్టికకు అన్ఆర్డర్డ్ మ్యాప్ అనే పొడవాటి పేరు రావడానికి కారణం ఇదే: హ్యాష్ మ్యాప్ అనే పేరును అప్పటికే వేర్వేరు కంపెనీల లైబ్రరీలు తమ తమ పద్ధతుల్లో వాడేసుకున్నాయి.

మీ రెండవ ప్రశ్నకు నా అభిప్రాయం: సీక్వెన్స్, కీ ద్వారా వెతుక్కునే పట్టిక, సెట్ వంటి సాధారణ నామాలతో మొదలుపెట్టడమే మేలు. నిర్మాణం ఏమి చేస్తుందన్నది ముందు తెలిస్తే, లోపల ఎలా ఉందన్నది తరువాత నేర్చుకోవచ్చు.

జవాబు 2
(కంప్యూటర్ సైన్స్ బోధకుడు, బ్రాడీపేట, గుంటూరు)

పై జవాబులోని చరిత్రతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను గానీ, చివరి పేరాతో ఏకీభవించలేను. నిర్మాణం ఏమి చేస్తుందో ముందు చెప్పి, ఎంత ఖర్చుతో చేస్తుందో తరువాత చెప్పవచ్చునన్న పద్ధతిలోనే మేడమ్ గారి విద్యార్థిని ఇరుక్కుంది. పైథాన్ లిస్ట్ ముందు మూలకాన్ని తీసివేయగలదు. ఆ మాట అబద్ధం కాదు. దానికి ఎంత మూల్యం చెల్లించాలన్నది చెప్పకపోవడం వల్లనే ప్రోగ్రాం కుంటుపడింది.

1974లో బార్బరా లిస్కోవ్, స్టీఫెన్ జిలెస్ అబ్‌స్ట్రాక్ట్ డేటా టైప్ అనే భావనను ప్రతిపాదించినప్పుడు, ఒక రకాన్ని దానిపై చేయదగిన పనులతోనే నిర్వచించాలనీ, లోపలి అమరికను వాడుకరి నుండి దాచాలనీ చెప్పారు. ఆ ఆలోచన ప్రోగ్రామింగ్‌కు చేసిన మేలు అంతా ఇంతా కాదు. అయితే లోపలి అమరికను దాచవచ్చు గానీ, దాని ఖర్చును దాచలేము. సీ ప్లస్ ప్లస్ ప్రమాణం ఈ విషయాన్ని గుర్తించి, ఏ నిర్మాణంపై ఏ పనికి ఎంత ఖర్చు దాటకూడదో కూడా నిబంధనగా రాసింది. కాబట్టి అక్కడ లిస్ట్ అనే పేరుతో లోపల అర్రేను పెట్టడం ఎవరికీ సాధ్యం కాదు. జావాలో లిస్ట్ ఇంటర్‌ఫేస్ మాత్రం ఇండెక్స్‌తో అందుకునే గెట్ పద్ధతిని (మెథడ్‌ను) అర్రేలిస్ట్‌కూ లింక్డ్‌లిస్ట్‌కూ సమానంగా ఇచ్చింది. రెండవదానిలో గెట్ అంటే దగ్గరగా ఉన్న కొస నుండి ఒక్కొక్క నోడే దాటుకుంటూ నడవడం. ఈ లోటు తెలిసే, జావా 1.4లో ర్యాండమ్ యాక్సెస్ అనే ఒక గుర్తు ఇంటర్‌ఫేస్‌ను చేర్చారు. దానిలో ఒక్క పద్ధతి కూడా లేదు. ఈ లిస్ట్‌లో ఇండెక్స్‌తో వెళ్లడం చౌక అని అల్గారిదమ్‌లకు తెలియజేయడమే దాని పని. లిస్ట్ అనే పేరు ఒక్కటీ సరిపోలేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

నేను తరగతిలో అనుసరించే పద్ధతి చెబుతాను. ఏ భాషలోని ఏ నిర్మాణం ముందుకు వచ్చినా, దాని పేరును కాసేపు కప్పి ఉంచి నాలుగు విషయాలు అడుగుతాను: ఫలానా స్థానంలోని మూలకాన్ని నేరుగా అందుకోగలమా, చివర చేర్చడానికి ఎంత పని, ముందు నుండి తీసివేయడానికి ఎంత పని, విలువను బట్టి వెతకడానికి ఎంత పని. జవాబులు పలకపై రాసిన తరువాతే పేరు చెబుతాను. అప్పుడు పైథాన్ లిస్ట్, సీ ప్లస్ ప్లస్ వెక్టర్, జావా అర్రేలిస్ట్, సీ షార్ప్ లిస్ట్ ఒకే గడిలోకి వచ్చి చేరడం విద్యార్థులే గమనిస్తారు.

ఇక్కడ లెక్కలు వేయించడం చాలా అవసరం. సామర్థ్యం ఒకటితో మొదలై, నిండిన ప్రతిసారీ రెట్టింపయ్యే అర్రేలో 1,024 మూలకాలను చివర చేరుస్తూ పోతే, పాత చోటు నుండి కొత్త చోటుకు చేసే నకళ్లు 1, 2, 4 అంటూ 512 వరకూ కలిపి 1,023 మాత్రమే. అంటే ఒక్కో చేర్పుకు సగటున ఒక్క నకలు కూడా పూర్తిగా పడదు. భాషలన్నీ సరిగ్గా రెట్టింపే చేయవు. జావా అర్రేలిస్ట్ ఒకటిన్నర రెట్లకు పెరుగుతుంది, పైథాన్ అంతకంటే పొదుపుగా పెరుగుతుంది. అయినా ప్రతిసారీ ఒక నిష్పత్తిలో పెరిగినంతకాలం తర్కం మారదు. ఇదే నిర్మాణంలో లక్ష టిక్కీలను ముందు నుండి ఒక్కొక్కటిగా తీస్తే, మొదటిసారి 99,999, రెండవసారి 99,998, ఇలా మిగిలినవన్నీ ఒక గడి ముందుకు జరగాలి. మొత్తం దాదాపు 500 కోట్ల జరుగుళ్లు. ఈ రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టి చూసిన విద్యార్థికి, పేరు ఏదైనా సరే, ఆ పనికి ఈ నిర్మాణం తగదని అర్థమవుతుంది. మీ మిర్చి యార్డు ప్రోగ్రాంకు పైథాన్‌లో కలెక్షన్స్ మాడ్యూల్‌లోని డెక్, జావాలో అర్రేడెక్ సరైనవి. రెండు కొసల నుండీ చేర్చడం, తీయడం వాటిలో చౌక.

జవాబు 3
(బీటెక్ విద్యార్థి, గేట్ పరీక్షకు చదువుతున్నాను, విజయవాడ)

అందరికీ నమస్కారం సార్, మేడమ్. ఈ చర్చకు దగ్గరగా ఉన్న ఒక సందేహం అడుగుతున్నాను. ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో ప్రోగ్రాం మెమరీని స్టాక్, హీప్ అని రెండు భాగాలుగా చదివాను. డేటా స్ట్రక్చర్స్‌లో కూడా స్టాక్, హీప్ అనే రెండు నిర్మాణాలు ఉన్నాయి. స్టాక్ మెమరీ లోపల స్టాక్ నిర్మాణం ఉంటే, హీప్ మెమరీ లోపల కూడా హీప్ నిర్మాణమే ఉంటుందని అనుకోవచ్చా?

జవాబు 4
(లబ్బీపేట ఇంజినీర్)

బాబూ, స్టాక్ విషయంలో నీ ఊహ సరైనది, హీప్ విషయంలో సరైనది కాదు. ఫంక్షన్ పిలుపులను గుర్తుపెట్టుకునే మెమరీ భాగం చివర వచ్చింది ముందు పోయే పద్ధతిలోనే పనిచేస్తుంది. అందువల్ల అక్కడ పేరూ నిర్మాణమూ ఒకటే. ఈ ఆలోచన కూడా చాలా పాతది. అలాన్ ట్యూరింగ్ 1945లో ఏస్ కంప్యూటర్ కోసం రాసిన నివేదికలో, సబ్‌రొటీన్‌లోకి వెళ్లేటప్పుడు తిరిగి రావలసిన చోటును పాతిపెట్టడం, వచ్చేటప్పుడు తవ్వి తీయడం అనే మాటలతో దీనిని వర్ణించారు. 1957లో జర్మనీలో బావర్, సామెల్సన్ దీనిపై పేటెంట్‌కు దరఖాస్తు చేసినప్పుడు నేలమాళిగ అనే అర్థమిచ్చే కెల్లర్ అన్న పేరు వాడారు.

హీప్ అనే నిర్మాణాన్ని 1964లో విలియమ్స్ హీప్‌సార్ట్ అల్గారిదమ్‌తో పాటు ప్రవేశపెట్టారు: ప్రతి తల్లి నోడ్ తన పిల్లల కంటే పెద్దదిగానో చిన్నదిగానో ఉండే పూర్తి బైనరీ ట్రీని ఒక అర్రేలో పరుస్తారు. ప్రోగ్రాం నడుస్తుండగా అడిగి తీసుకునే మెమరీకి ఉన్న హీప్ అనే పేరుకు దీనితో సంబంధం లేదు. ఆల్గాల్ 68 భాషలో అటువంటి మెమరీని అడగడానికి హీప్ అనేదే కీలకపదం. మెమరీని పంచే ప్రోగ్రాం ఖాళీ భాగాల జాబితాలను వాడవచ్చు, ట్రీలను వాడవచ్చు. విలియమ్స్ హీప్‌నే వాడాలన్న నియమం లేదు.

ఈ నిర్మాణం పేరు విషయంలో భాషలు రెండుగా చీలడం కూడా గమనించు. పైథాన్ మాడ్యూల్ పేరు హీప్‌క్యూ, అంటే లోపలి అమరికను పేరులోకి తెచ్చింది. జావా, సీ ప్లస్ ప్లస్ దానిని ప్రయారిటీ క్యూ అన్నాయి, అంటే ఉపయోగాన్ని బట్టి పిలిచాయి. ఒక్క హెచ్చరిక: ఏమీ మార్చకుండా వాడితే జావాలో అన్నింటికంటే చిన్నది ముందు వస్తుంది, సీ ప్లస్ ప్లస్‌లో అన్నింటికంటే పెద్దది ముందు వస్తుంది. ఇక్కడ పేరు ఒకటే అయినా ప్రవర్తన ఎదురెదురుగా ఉంటుంది.

జవాబు 5
(వెబ్ డెవలపర్, అరండల్‌పేట, గుంటూరు)

లిస్ట్ గురించి పెద్దలు వివరంగా చెప్పారు. కీ ఇచ్చి విలువను తీసుకునే నిర్మాణం గురించి నేను కొంత చేర్చదలిచాను, ఎందుకంటే పేర్ల గందరగోళం అక్కడ ఇంకా ఎక్కువ. 1977 నాటి ఆక్ భాషలో అది అసోసియేటివ్ అర్రే, స్మాల్‌టాక్‌లోనూ, తరువాత పైథాన్, సీ షార్ప్, స్విఫ్ట్‌లలోనూ డిక్షనరీ, పెర్ల్, రూబీలలో హ్యాష్, లువాలో టేబుల్, సీ ప్లస్ ప్లస్, జావా, గో భాషలలో మ్యాప్. పీహెచ్‌పీ దానిని అర్రే అనే పిలుస్తుంది, పైగా సాధారణ అర్రే అవసరాలన్నీ ఆ ఒక్కదానితోనే తీరుస్తుంది. జావాలో తమాషా ఏమిటంటే, 1996 నాటి హ్యాష్‌టేబుల్ తరగతికి తల్లి తరగతి పేరు డిక్షనరీ. రెండేళ్లకు మ్యాప్ వచ్చి ఆ రెండింటినీ పక్కకు నెట్టింది.

వీటిలో హ్యాష్ అనే పేరు నాకు ఎన్నడూ నచ్చలేదు. హ్యాషింగ్ అనేది 1953లో ఐబీఎమ్‌కు చెందిన హాన్స్ పీటర్ లూన్ ఒక అంతర్గత పత్రంలో వివరించిన వెతుకులాట పద్ధతి. కీని ముక్కలు చేసి కలిపి, ఎక్కడ దాచాలో చెప్పే ఒక సంఖ్యను తయారుచేయడం దాని సారం. ఒక నిర్మాణానికి దాని లోపలి యుక్తిని పేరుగా పెడితే, ఆ పేరు విన్నవారు ఆ యుక్తి లక్షణాలన్నింటినీ ఆశిస్తారు. హ్యాష్ అనగానే క్రమం ఉండదని అనుకుంటాము, రూబీ 1.9 నుండి హ్యాష్ చేర్చిన క్రమాన్ని నిలుపుకుంటోంది. పైథాన్ డిక్షనరీ కూడా 2018లో వచ్చిన 3.7 నుండి ఆ హామీ ఇస్తోంది. డిక్షనరీ అన్న పేరు అమరిక గురించి ఏ మాటా ఇవ్వలేదు కాబట్టి అక్కడ ఎవరికీ ఇబ్బంది కలగలేదు. సీ ప్లస్ ప్లస్ మ్యాప్ కీల ఆరోహణ క్రమంలో నడుస్తుంది, ఎందుకంటే లోపల సాధారణంగా రెడ్‌బ్లాక్ ట్రీ (కీలను క్రమంలో ఉంచే ఒక ట్రీ) ఉంటుంది. గో భాషలో మ్యాప్‌పై నడిచే క్రమాన్ని కావాలనే కలగాపులగం చేస్తారు, దానిపై ఎవరూ ఆధారపడకూడదని. మ్యాప్ అనే ఒక్క పేరు కింద ఇన్ని స్వభావాలున్నాయి.

జావాస్క్రిప్ట్‌లో చాలాకాలం సాదా ఆబ్జెక్ట్‌నే ఈ పనికి వాడారు. దానిలో సంఖ్యగా ఇచ్చిన కీ కూడా స్ట్రింగ్‌గా మారిపోతుంది, కాబట్టి ఒకటి అనే సంఖ్య, ఒకటి అనే అక్షరం రెండూ ఒకే గదికి చేరుతాయి. 2015లో మ్యాప్ వచ్చాకే అవి వేరయ్యాయి. అయితే అదే భాషలో అర్రేలపై పనిచేసే మ్యాప్ అనే పద్ధతి అప్పటికే ఉంది. ప్రతి మూలకానికీ ఒక ఫంక్షన్ వర్తింపజేసి కొత్త అర్రే ఇవ్వడం దాని పని. రెండు వాడుకలకూ మూలం గణితంలోని మ్యాపింగే. కొత్తగా చేరిన జూనియర్లు ఈ రెండింటిని కలిపేసుకున్నప్పుడు, ఒకటి వస్తువు, రెండవది పని అని విడదీసి చెబితే తేలికగా గ్రహిస్తున్నారు.

జవాబు 6
(ప్రశ్న అడిగిన అధ్యాపకురాలు)

మీ అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. బ్రాడీపేట మాస్టారు చెప్పిన నాలుగు విషయాల పద్ధతిని వచ్చే యూనిట్ నుండే మొదలుపెడతాను. చరిత్రను మాత్రం వదలను. కార్, కుడర్ సంగతి, ఏబీసీ లిస్ట్ సంగతి తెలిస్తే, పేరు అంటే నిర్మాణానికి నిర్వచనం అనుకునే అలవాటు విద్యార్థులలో తగ్గుతుందని నా నమ్మకం. మిర్చి యార్డు ప్రోగ్రాంను లిస్ట్‌తో ఒకసారి, డెక్‌తో ఒకసారి నడిపించి, పట్టిన సమయాలను వారి చేతనే గ్రాఫ్ గీయిస్తాను.

ఒక విషయం మిగిలింది. సమాధాన పత్రాలలో విద్యార్థులు “లిస్ట్ వాడితే చివర చేర్చడం స్థిర సమయంలో జరుగుతుంది” అని రాస్తారు. పైథాన్‌ను మనసులో పెట్టుకుంటే చాలావరకు ఒప్పు. చివరి నోడ్‌కు పాయింటర్ లేని సీ లింక్డ్ లిస్ట్‌ను పెట్టుకుంటే తప్పు. ఏ అర్థంలో రాశారో తెలియనప్పుడు మార్కులు ఎలా వేయాలి?

జవాబు 7
(బ్రాడీపేట బోధకుడు)

మేడమ్ గారూ, నేను ప్రశ్నలోనే ఆ సందిగ్ధతకు చోటు లేకుండా చూసుకుంటాను. ప్రశ్నపత్రంలో వట్టి లిస్ట్ అని ఎక్కడా రాయను. ‘పైథాన్ లిస్ట్’, ‘తల పాయింటర్ మాత్రమే ఉన్న ఏకదిశ లింక్డ్ లిస్ట్’ అని పూర్తిగా రాస్తాను. విద్యార్థి కూడా ఏ నిర్మాణాన్నైనా జవాబులో మొదటిసారి ప్రస్తావించేటప్పుడు భాష పేరుతో కలిపి రాయాలనీ, రాయకపోతే ఒక మార్కు తగ్గుతుందనీ సెమిస్టర్ మొదటి వారంలోనే చెబుతాను. “చౌక” వంటి విశేషణాలు కాకుండా “సగటు లెక్కన స్థిర సమయం”, “ప్రతిసారీ స్థిర సమయం” అనే రెండింటిలో ఏదో ఒకటి స్పష్టంగా ఎంచుకోమంటాను, ఎందుకంటే పెరిగే అర్రే నిండిన ఆ ఒక్కసారి చేర్పుకు మొత్తం నకలు చేయవలసి వస్తుంది. ఇవి రెండూ రాసిన జవాబుకు, విద్యార్థి ఏ భాషను ఎంచుకున్నా, పూర్తి మార్కులు వేయడంలో నాకు ఇంతవరకూ ఇబ్బంది రాలేదు.